చేవగల కట్టె

కోపం వచ్చిన మనిషి కళ్ళను చండ్రనిప్పులతో పోల్చడం మన కథకులకు వెనకటినుంచీ ఉన్న అలవాటే. మొన్న తరగతిలో ఆ మాట తగిలితే, చండ్ర అంటే ఏమిటని అడిగాను. ఒకరు చంద్రుడన్నారు. మరొకరు ప్రచండమన్నారు. అదొక చెట్టని మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్లల్ని అనవలసిందేమీ లేదు. గ్యాసు పొయ్యి నీలిమంట తప్ప వేరే నిప్పు ఎరగని ఇళ్ళలో పెరిగిన వాళ్ళు చండ్రనిప్పును ఎక్కడ చూస్తారు?

చండ్రనే సండ్ర అనీ అంటారు. సంస్కృతంలో ఖదిరం. మెట్టప్రాంతపు అడవుల్లో, రాళ్ళనేలల్లో పెరిగే ముళ్ళచెట్టు. దీని చేవను ముక్కలుగా కొట్టి ఉడకబెట్టి తీసేదే కిళ్ళీలో వేసుకునే కాచు. నవగ్రహ హోమంలో కుజుడికి చెప్పిన సమిధ ఇదే. కుజుడికి అంగారకుడని ఇంకో పేరుంది కదా, అంగారమంటే నిప్పుకణిక. చండ్రకట్టె భగ్గున మండిపోయేది కాదు. మంట తగ్గాక ఎర్రని కణికలై చాలాసేపు నిలుస్తుంది. ఆ పోలిక పుట్టించినవాడు ఎవరో గాని, పొయ్యి దగ్గర కూర్చున్న మనిషే అయి ఉండాలి.

ఇందాక చేవ అన్నాను. మానును అడ్డంగా కోస్తే నడుమ ముదురురంగులో కనిపించే గట్టి భాగం చేవ. చెట్టు వయసు పెరిగేకొద్దీ లోపలి కణాలు నీరు మోయడం మాని, వగరు పదార్థాలతోనూ జిగురులతోనూ నిండిపోతాయి. పురుగుకు అది రుచించదు. చెదలకు లొంగదు. చుట్టూ ఉండే తెల్లని భాగంలో పిండిపదార్థం ఉంటుంది గనుక పుచ్చు ముందు అక్కడే పడుతుంది. 'చేవ ఉన్నవాడు', 'చేవ చచ్చినవాడు' అని మనుషుల్ని కూడా మనవాళ్ళు మానును కొలిచినట్టే కొలిచారు!

ఏ చేవ ఎందుకు పనికొస్తుందో పల్లెటూరి వడ్రంగికి పుస్తకం చదవకుండానే తెలుసు. రోకలికీ పనిముట్ల పిడులకూ చండ్ర. బండిచక్రానికీ నాగలికీ నల్లతుమ్మ. ఇరుసుకూ గొడ్డలికామకూ చిరుమాను. అది బాగా వంగుతుంది గాని ఓ పట్టాన విరగదు. భూమిలో పాతే గుంజకు నారయేపి. మాంసం కొట్టే మొద్దుకు చింత. ఎన్ని దెబ్బలు పడ్డా అంత తొందరగా పెచ్చులు లేవదు. బీడీ ఆకు ఇచ్చే తునికిచెట్టు కడుపులో నల్లరాయి లాంటి చేవ ఉంటుంది. ఎర్రచందనం సంగతి వేరే చెప్పాలా? శేషాచలం, వెలిగొండ, పాలకొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా అడవిలో తనంత తానుగా పెరగని చెట్టు అది. 1995లో దానిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చారు. అయినా దొంగగొడ్డళ్ళు ఆగలేదు.

బరువు లెక్క చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఘనపుటడుగు నీళ్ళు 28 కిలోలు తూగుతాయి. అంతే కొలత ఎండిన బూరుగుకొయ్య సుమారు 10 కిలోలు, టేకు 18, నల్లతుమ్మ 22 కిలోలు ఉంటుంది. చండ్ర ఇంచుమించు నీళ్ళతో సమానం. నారయేపి నీళ్ళను మించి, వేస్తే మునిగిపోతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. కిలోకి కిలో తూచి కాల్చితే ఏ ఎండుకట్టె అయినా ఇచ్చే వేడి దాదాపు ఒక్కటే, సుమారు 4,500 కిలో కేలరీలు. గట్టికట్టె గొప్పతనం తూకంలో లేదు, చోటులో ఉంది. ఒక చంకెడు చండ్రలో ఉన్న వేడి కావాలంటే బూరుగు రెండు మూడు చంకలు మోయాలి. పైగా తేలికకట్టె గబగబా మండి బూడిదవుతుంది. అందుకే ఇల్లాళ్ళు రాజేయడానికి చితుకులూ పుల్లలూ వేరే ఉంచుకుని, అంటుకున్నాక మొద్దు పెట్టేవారు.

అయితే ఈ లెక్కంతా ఎండుకట్టెకే. పచ్చికట్టెలో బరువులో సగందాకా నీరే ఉండవచ్చు. దానిని తూకానికి కొన్నవారు సగం డబ్బు నీళ్ళకు పోసినట్టే. పొయ్యిలో పెట్టాక వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. మంట చల్లబడి, సరిగా కాలని ఆవిర్లు పొగై ఇల్లంతా కమ్ముతాయి.

కట్టె నిలవచేయడంలో మా నాయనమ్మకు కొన్ని ఖచ్చితమైన పద్ధతులు ఉండేవి. సంక్రాంతి వెళ్ళగానే దుంగలు తెప్పించి, పచ్చిమీదనే చీల్పించేది. గట్టికట్టె ఎండిందంటే గొడ్డలి ఎగిరిపడుతుంది. పైగా చీల్చకపోతే తడి త్వరగా బయటికి రాదు. కింద రాళ్ళు పేర్చి, జానెడు ఎత్తున, ఒక వరస నిలువుగా ఒక వరస అడ్డంగా పేర్పించేది. గోడకు ఆనించనిచ్చేది కాదు. గాలి ఆడాలి, చెదలకు దారి దొరకకూడదు. పైన తాటాకులు కప్పించి పక్కలు వదిలేసేది. రోళ్ళు పగిలే రోహిణీకార్తె ఎండ తిన్న కట్టె మృగశిర చినుకు పడకముందే కొట్లోకి చేరాలి. పాతది ముందు, కొత్తది వెనక. రెండు పేళ్ళు ఒకదానితో ఒకటి కొట్టి చూసేది. ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే ఇంకా పచ్చి. చివర్ల నుంచి నడుముకు బీటలు పడటం మరో గుర్తు. కర్రతో తట్టకుండా కొట్లో చెయ్యి పెట్టనిచ్చేది కాదు. తేళ్ళూ కట్లపాములూ కట్టెల సందుల్లోనే కదా కాపురముండేది!

ఇంత జాగ్రత్తపరురాలూ చివరి పదేళ్ళూ దగ్గుతోనే గడిపింది. పట్నం తీసుకువెళితే డాక్టరుగారు ఆమె ఊపిరి విని, "ఈవిడ చుట్ట కాలుస్తారా?" అని అడిగారు. మేము నవ్వాము. ఆమె నవ్వలేదు. "పొయ్యి కాల్చాను నాయనా, యాభై ఏళ్ళు" అంది. ఎండుకట్టె పొగను తగ్గిస్తుందే గాని పోగొట్టదు. పాతకాలపు పొయ్యిలో గిన్నెకు అందేది కట్టె వేడిలో ఆరోవంతుకు మించదు. మిగతాది వంటింటికి, పొగ వండేవారి గుండెలకు. వంటింటి పొగవల్ల 2020లో ప్రపంచమంతా కలిపి సుమారు 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చి ఎన్నో వంటిళ్ళకు గ్యాసు చేర్చాయి. అయినా సిలిండరు పక్కనే కట్టెలపొయ్యి ఉన్న ఇళ్ళు పల్లెల్లో ఇంకా కనిపిస్తాయి. నీళ్ళు కాచుకోవడానికి కొందరు, డబ్బు కలిసిరాక కొందరు రాజేస్తారు. అలా తప్పనివారు పొయ్యిని ఆరుబయటికైనా మార్చాలి, కట్టెను ఒక వేసవైనా ఎండనివ్వాలి. వసతి ఉండి కూడా పొగలో వంట చేయిస్తూ, కట్టెపొయ్యి రుచే వేరని లొట్టలు వేసే మగవారు ఒక్కపూట ఆ పొయ్యి ఊది చూడాలి.

ఇక కాల్చేది ఏ కట్టె? 1870ల్లో కడప ప్రాంతంలో నాటిన పరాయి మొక్క సర్కారుతుమ్మ ఇవాళ చెరువుగట్లూ బంజర్లూ ఆక్రమించింది. నరికిన చోటే మళ్ళీ చిగురుస్తుంది, గట్టిగా మండుతుంది. పొయ్యికి అది చాలు. చండ్ర, నారయేపి, చిరుమాను అలా కావు. చేవ పట్టడానికి వాటికి ఒక తరం కావాలి. తాత నాటితే మనవడి చేతికి అందే సొత్తును ఒక పూట అన్నానికి కాల్చడం సంసార లక్షణం కాదు.

మీ ఇంటి అటకమీద పాత రోకలి ఉందేమో చూడండి. ఉంటే పొయ్యిలో పెట్టకండి, పాతసామానువాడికి వెయ్యకండి. పిల్లల చేత ఒకసారి ఎత్తించండి. చేవ అంటే ఏమిటో ఏ నిఘంటువూ చెప్పనంత బాగా ఆ బరువు చెబుతుంది.