కొండ అందరిదీ, ఖర్చు ఎవరిది?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, బౌల్డర్ ఊరికి దక్షిణాన సౌత్ మేసా అనే కాలిబాట మొదలవుతుంది. ఆదివారం పొద్దున్నే అక్కడ రెండు కార్లు పక్కపక్కనే ఆగాయనుకుందాం. ఒకటి బౌల్డర్ కౌంటీలో రిజిస్టరైన కారు. అందులోవాళ్లు దిగి నేరుగా కొండదారి పట్టవచ్చు. రెండోది పక్క కౌంటీ కారు. అందులోవాళ్లు ముందు 5 డాలర్లు కట్టాలి. తరచూ వచ్చేవాళ్లయితే 25 డాలర్లకు ఏడాది పర్మిట్ తీసుకోవచ్చు. నడిచే దారి ఒకటే, ఎక్కే కొండ ఒకటే. రుసుము మాత్రం ఒకరికే.

ఇది అన్యాయమని వెంటనే అనిపిస్తుంది. ప్రకృతి మీద ఊరివాళ్లకు ఎక్కువ హక్కు, బయటివాళ్లకు తక్కువ హక్కు ఏమిటన్న ప్రశ్న సహజమే. కానీ జవాబు చెప్పే ముందు ఒక లెక్క చూడాలి. ఆ కొండను ఇన్నాళ్లూ కాపాడటానికి డబ్బు ఎవరు పెట్టారు?

ఊరు కొనుక్కున్న కొండలు

బౌల్డర్ చుట్టూ ఇవాళ ఇళ్లు కాకుండా పచ్చిక, అడవి కనిపిస్తున్నాయంటే అది ఊరివాళ్ల ఓట్ల ఫలితం. 5,750 అడుగుల ఎత్తుకు పైన కట్టే ఇళ్లకు నగరం నీళ్లివ్వకూడదని 1959లో ఓటు వేశారు. నీళ్లు లేనిచోట ఇళ్లు లేవవు కాబట్టి కొండవాలు మిగిలింది. ఎన్‌చాంటెడ్ మేసా అనే మిట్ట మీద పెద్ద హోటల్ కడతారనగానే 1962లో ఆ భూమినే కొనేశారు. ఆ తర్వాత 1967లో ఇంకో పెద్ద అడుగు పడింది. ఊళ్లో జరిగే ప్రతి డాలర్ అమ్మకం మీద 0.4 సెంటు పన్ను వేసి, ఆ డబ్బుతో ఖాళీ భూములు కొని కాపాడాలని ప్రజలే తీర్మానించారు. ఇందుకోసం తమ మీద తామే పన్ను వేసుకున్న తొలి అమెరికన్ నగరం బౌల్డరే. అలా కూడిన భూమి ఇప్పుడు 45,000 ఎకరాలు దాటింది.

లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఈ ఊరి కాలిబాటల మీదికి ఏడాదికి 60 లక్షలకు పైగా రాకపోకలు జరుగుతున్నాయని 2016-17లో చేసిన సర్వే తేల్చింది. అన్ని పాదాలు పడ్డచోట మట్టి కోసుకుపోతుంది. వాన పడి బురదైతే జనం పక్కనుంచి నడుస్తారు, దారి వెడల్పై గడ్డి చచ్చిపోతుంది. మరుగుదొడ్లు శుభ్రం చేయాలి, చెత్త ఎత్తాలి, గద్దలూ డేగలూ గూళ్లు కట్టే నెలల్లో కొన్ని బండరాళ్ల వైపు ఎవరూ వెళ్లకుండా చూడాలి. ఈ ఖర్చులో ఊరివాళ్లు తమ వంతు ఎప్పుడో కట్టేశారు, వచ్చేవాళ్లు కూడా కొంత వేయండి అన్నదే ఆ 5 డాలర్ల వెనకున్న వాదన. నాకు ఈ వాదన మూలంలో న్యాయమైనదే అనిపిస్తుంది.

అయితే అందులో ఒక బలహీనత ఉంది. బౌల్డర్ వేసుకున్నది ఇంటిపన్ను కాదు, అమ్మకం పన్ను. పక్క కౌంటీ నుంచి వచ్చి ఊళ్లో భోజనం చేసినవాళ్లూ, బూట్లు కొన్నవాళ్లూ అది కడుతూనే ఉన్నారు. ఇళ్ల ధరలు అందక బయట ఉంటూ రోజూ బౌల్డర్‌కు ఉద్యోగానికి వచ్చేవాళ్లు వేలల్లో ఉన్నారు. గీత ఎక్కడ గీశారన్నదీ ఆలోచించాల్సిందే. పక్కనున్న బ్రూమ్‌ఫీల్డ్ ఊరు 2001 దాకా నాలుగు కౌంటీల మధ్య చీలి ఉండేది, అందులో ఒక ముక్క బౌల్డర్ కౌంటీలోది. ఆ ఏడాది నవంబరులో బ్రూమ్‌ఫీల్డ్ సొంత కౌంటీ అయింది. ఇల్లు కదలకుండానే ఆ ముక్కలోని కుటుంబాలు బౌల్డర్‌కు బయటివాళ్లయ్యాయి. మన జాతీయ రహదారుల టోల్‌గేట్ల దగ్గర ఇంతకంటే మెరుగైన పద్ధతి ఉంది. 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ల సొంత వాహనాలకు తక్కువ ధరకు నెలవారీ పాసు ఇస్తారు. అక్కడ కొలిచేది దూరాన్ని, జిల్లాను కాదు.

కారు మీదే ఎందుకు?

కాలిబాటకు గేటు ఉండదు, పది వైపుల నుంచి రావచ్చు. ప్రతి మనిషినీ ఆపి గుర్తింపు కార్డు చూడాలంటే జీతాలకే రుసుమంతా సరిపోతుంది. కారుకైతే నంబర్ ప్లేటు ఉంటుంది, ఆగడానికి ఒక చోటు కావాలి. పైగా ఇలాంటి చోట్ల ముందు కరువయ్యేది కొండ మీద చోటు కాదు, కింద పార్కింగ్ చోటు. అందుకే పార్కింగ్ రుసుము సులువైన మార్గమైంది. సైకిల్ మీదో బస్సులోనో వచ్చేవాళ్ల మీద భారం పడకపోవడం ఇందులో మంచి గుణం. రుసుము తప్పించుకోవడానికి కార్లు రోడ్డు అంచునో, పక్క వీధిలో ఎవరింటి ముందో ఆగడం ఇందులో చెడ్డ గుణం.

కేంద్ర ప్రభుత్వ అడవుల్లో మాత్రం ఈ పని ఇంత తేలిక కాదు. 2004లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, అక్కడ కేవలం కారు ఆపినందుకు రుసుము వసూలు చేయకూడదు. అరిజోనాలోని మౌంట్ లెమన్ దగ్గర కారు ఆపి, ఏ సదుపాయమూ వాడకుండా నడిచి వెళ్లేవాళ్ల దగ్గర కూడా అటవీ శాఖ డబ్బు తీసుకుంటే, అది చెల్లదని 2012లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఈ కట్టడి కేంద్ర భూములకే. ఊళ్లు, కౌంటీలు, రాష్ట్రాలు తమ భూముల్లో తమ నిబంధనలు పెట్టుకోవచ్చు.

కోర్టులు గీసిన హద్దు

ఇతర రాష్ట్రాల పౌరుల పట్ల వివక్ష చూపకూడదని అమెరికా రాజ్యాంగంలో ఉంది. అయినా అన్ని తేడాలూ వివక్ష కావని సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో వివరించింది. దక్షిణ కరోలినా రాష్ట్రం రొయ్యల పడవకు తనవాళ్ల దగ్గర 25 డాలర్లు, బయటివాళ్ల దగ్గర 2,500 డాలర్లు వసూలు చేస్తే 1948లో కొట్టేసింది. అది జనం బతుకుదెరువు. మోంటానాలో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేట లైసెన్సు స్థానికులకు 9 డాలర్లు ఉండగా, ఎల్క్‌ను వేటాడాలంటే బయటివాళ్లు 225 డాలర్ల ఉమ్మడి లైసెన్సు కొనాల్సివచ్చేది. 1978లో కోర్టు దాన్ని సమర్థించింది. అది సరదా వేట, పైగా ఆ జంతువుల్ని కాపాడే ఖర్చు స్థానికులు పన్నుల రూపంలో భరిస్తున్నారు.

తేడా చూపించడం ఒకటి, అసలు రానివ్వకపోవడం ఇంకొకటి. కనెక్టికట్‌లోని గ్రీనిచ్ పట్టణం తన సముద్ర తీరపు పార్కును ఊరివాళ్లకే పరిమితం చేసింది. పరుగుకు వెళ్లిన ఒక న్యాయ విద్యార్థిని లోపలికి రానివ్వకపోతే ఆయన కోర్టుకెక్కాడు. 2001లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు పట్టణం నిబంధన చెల్లదంది. కేంద్ర సాయంతో కొన్న లేదా అభివృద్ధి చేసిన పార్కుల విషయంలో 1965 నాటి నిధి చట్టం, దాని నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. నివాసాన్ని బట్టి రుసుములో సమంజసమైన తేడా ఉండవచ్చు, కానీ బయటివాళ్ల రుసుము స్థానికుల రుసుముకు రెట్టింపు దాటకూడదు.

హవాయి నేర్పింది

పర్యాటకుల తాకిడి ఎక్కువున్న హవాయి ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. హొనలూలులోని డైమండ్ హెడ్ కొండకు 2022 మే నుంచి బయటివాళ్లు ముందే సమయం బుక్ చేసుకోవాలి. మనిషికి 5 డాలర్లు, కారుకు 10 డాలర్లు కట్టాలి. హవాయి నివాసులకు గుర్తింపు కార్డు ఉంటే చాలు. కవాయీ దీవిలోని హాయెనా పార్కు కథ ఇంకా గట్టిది. 2018 ఏప్రిల్‌లో ఆ దీవిలో 24 గంటల్లో 49.69 అంగుళాల వాన పడి రోడ్లు కొట్టుకుపోయాయి. అంతకు ముందు పార్కుకు రోజుకు రెండు వేల మందికి పైగా వచ్చేవాళ్లు. 2019 జూన్‌లో మళ్లీ తెరిచినప్పుడు రోజుకు 900 మందినే రానిచ్చారు, బస్సు ఏర్పాటు చేశారు. రద్దీని తగ్గించింది ప్రధానంగా ఈ పరిమితి. రుసుము ఖర్చులకు పనికొస్తుంది కానీ, వేల మైళ్లు విమానంలో వచ్చినవాళ్లు 15 డాలర్లకు వెనక్కి వెళ్లిపోరు.

మన ఇళ్ల దాకా

ఈ చర్చ తెలుగు కుటుంబాలకు దూరమైంది కాదు. గోల్కొండ కోటలో భారతీయులకు టికెట్టు 25 రూపాయలు, విదేశీయులకు 300. ఓసీఐ కార్డు ఉన్న ప్రవాసులకు భారతీయుల ధరే వర్తిస్తుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 2026 జనవరి నుంచి గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్, యోసెమిటీ సహా 11 జాతీయ పార్కుల్లో విదేశీ నివాసుల దగ్గర మామూలు రుసుముకు అదనంగా మనిషికి 100 డాలర్లు తీసుకుంటోంది. అది వద్దంటే 250 డాలర్ల వార్షిక పాసు కొనాలి. అక్కడి నివాసులకు ఆ పాసు 80 డాలర్లే. అంటే, అమెరికా పౌరురాలైన కూతురు సెలవులకు వచ్చి గోల్కొండను 25 రూపాయలకు చూస్తుంది. ఆమెను చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలు గ్రాండ్ కాన్యన్ చూడాలంటే తలకు 100 డాలర్లు ఎక్కువ కట్టాలి.

బౌల్డర్ 5 డాలర్లకూ ఈ 100 డాలర్లకూ మధ్య ఉన్నది అంకెల తేడా మాత్రమే కాదు. మొదటిది వచ్చేవాళ్ల వంతు అడుగుతోంది. రెండోది చాలా కుటుంబాలను గేటు బయటే ఆపేస్తుంది. వంతు అడగడం న్యాయమే. వంతు పేరుతో దారి మూయడం మాత్రం కోటగోడ కట్టడమే.

కొలరాడోలోనే మరో దారి ఉంది. 2023 నుంచి కారు రిజిస్ట్రేషన్‌తో పాటు 29 డాలర్లు తీసుకుని, ఏడాదంతా రాష్ట్ర పార్కుల ప్రవేశం ఇస్తున్నారు. వద్దనుకున్నవాళ్లు మానుకోవచ్చు. ఆ డబ్బులో కొంత కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే బృందాలకూ వెళుతుంది. స్థానికులు కట్టేది ఇలా రసీదు మీద కనిపించినప్పుడు, బయటివాళ్లను అడగడానికి నైతిక బలం వస్తుంది.

కాబట్టి కాలిబాట మొదట్లో బయటివాళ్లకు రుసుము బోర్డు పెట్టే ఏ ఊరైనా నాలుగు మాటలకు కట్టుబడాలి. స్థానికులు ఎంత కడుతున్నారో లెక్క చూపాలి. ఆ లెక్కకు మించి బయటివాళ్ల దగ్గర తీసుకోకూడదు. వచ్చిన డబ్బును ఆ దారి మీదే ఖర్చు పెట్టి ఏటా ప్రజలకు చెప్పాలి. డబ్బులేనివాళ్లకు బస్సు, ఉచిత రోజులు, గ్రంథాలయంలో అరువిచ్చే పాసు లాంటి ఏదో ఒక మార్గం తెరిచి ఉంచాలి. ఈ నాలుగూ ఉన్నచోట 5 డాలర్లు సంతోషంగా కట్టాలి. లేనిచోట, ఎంత చిన్న రుసుమైనా ఎందుకని అడగాలి.