దేవుడికీ ఓ అమ్మ!

పెళ్లికొడుకు సాక్షాత్తూ ఏడుకొండలవాడు. పెళ్లికూతురు ఆకాశరాజు గారాలపట్టి. ఖర్చులకి అప్పిచ్చేందుకు కుబేరుడున్నాడు. అయినా ఓ లోటు... నారాయణవనం వెళ్లి పిల్లనడిగే పెద్దదిక్కేదీ? ఆ లోటు తీర్చిన తల్లే వకుళమాత.

తిరుపతి వాళ్లకి ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. వెండితెర మీద అనగానే గుర్తొచ్చేది 1960 జనవరిలో, సంక్రాంతి ముందు విడుదలైన ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’. శ్రీనివాసుడిగా ఎన్టీఆర్, పద్మావతిగా సావిత్రి, లక్ష్మీదేవిగా ఎస్.వరలక్ష్మి. కొండకొచ్చిన భక్తులు అటునుంచటే మద్రాసెళ్లి ఎన్టీఆర్‌నీ చూసొచ్చేవారు. అంతటి దేవుణ్ని మనింటి పిల్లాణ్ని చేసింది మాత్రం వకుళగా నటించిన శాంతకుమారి.

ఈ ప్రొద్దుటూరు ఆడపడుచుకి ఆ పెళ్లి కొత్త కాదు. 1939లో పి.పుల్లయ్య ఇదే కథని మొదటిసారి తీసినప్పుడు సీఎస్సార్ వేంకటేశ్వరుడు, శాంతకుమారే పద్మావతి! ఇరవయ్యొక్కేళ్లకి భర్త పుల్లయ్యే మళ్లీ తీస్తే, నాటి పెళ్లికూతురు పెళ్లికొడుకు తల్లయింది. కథానాయికగా వెలిగినవాళ్లకి అమ్మ పాత్రంటే మెట్టు దిగడమే అనుకునే రంగం అది. ఆవిడ మాత్రం ఆ మెట్టు మీదే నిలబడి, తన పాట తానే పాడుకుని, సినిమాకి గుండెకాయయ్యారు.

ఆ పాత్రలో కష్టమేంటంటే... వకుళకి మహిమలుండవు. ఉన్నదల్లా ఎదురుచూపే. కృష్ణుడి పెళ్లి చూడలేకపోయిన యశోదే, ఆ ముచ్చట తీర్చుకోవడానికి వకుళగా పుట్టిందంటారు. ఎదుటివాడు దేవుడని హాల్లో అందరికీ తెలుసు. ఆవిడొక్కతే ఆ సంగతి మర్చిపోవాలి! భక్తితో చేతులు జోడించిందా, అమ్మ మాయమైపోతుంది. గాయానికి కట్టుకట్టి, బెంగ కనిపెట్టి, ‘ఏమైంది నాయనా’ అన్నట్టు చూస్తేనే ఆయన కొడుకవుతాడు.

‘అన్నమయ్య’ (1997)లో ఇది తిరగబడింది. నాగార్జున భక్తుడైతే, సుమన్ పోషించిన వేంకటేశ్వరుడే సహాయ పాత్ర. అక్కడ దేవుడే ఓ అడుగు వెనక్కి తగ్గి, భక్తుడి పాట వింటాడు. పక్క పాత్ర గొప్పదనం అదే: తాను వెలగడం కాదు, ఎదుటివాణ్ని వెలిగించడం.

తిరుపతి దగ్గర పేరూరు బండ మీద వకుళమాత గుడి 2022లో మళ్లీ తెరుచుకుంది. తిరుమల ఆలయం పోటులోనూ ఆవిడ ఉంది. కొడుకు నైవేద్యం ఎలా ఉందో దగ్గరుండి చూసుకుంటుందని నమ్మకం. ఉత్సవాలన్నీ ఆయనవే. వంటిల్లు మాత్రం అమ్మది!