నేల టికెట్టు షేక్‌స్పియర్

షేక్‌స్పియర్ పేరెత్తగానే మనవాళ్లు రెండు రకాలుగా తప్పించుకుంటారు. కొందరు "మహాకవి" అని దణ్ణం పెట్టి పక్కకి జరుగుతారు. కొందరు "ఆ పాత ఇంగ్లీషు మన వల్ల కాదురా బాబూ" అని పారిపోతారు. ఇద్దరూ ఆయన్ని చదవరు. నిజానికి ఆ నాటకాలు రాసింది చదివేవాళ్ల కోసం కాదు, టికెట్టు కొనుక్కుని చూడ్డానికొచ్చే జనం కోసం. ఆ జనం ఎవరో తెలిస్తే ఆయన ఇన్నేళ్లు ఎలా నిలిచాడో తెలుస్తుందని నా నమ్మకం.

ముందు మనిషి గురించి రెండు ముక్కలు. 1564లో స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నాన్న తోలు చేతి తొడుగులు చేసి అమ్మేవాడు. యూనివర్సిటీ మొహం చూడలేదు. పద్దెనిమిదేళ్లకి తనకంటే ఎనిమిదేళ్లు పెద్దదైన ఆన్ హాతవేని పెళ్లి చేసుకున్నాడు. ఇరవై ఒకటి నిండకముందే ముగ్గురు పిల్లల తండ్రి. తర్వాత లండన్ చేరి నటుడయ్యాడు, నాటకాలు రాయడం మొదలుపెట్టాడు. 1592లో రాబర్ట్ గ్రీన్ అనే రచయిత పేరుతో వచ్చిన ఒక చిన్న పుస్తకం ఈయన్ని పరాయి ఈకలు తగిలించుకున్న కాకి అని ఎద్దేవా చేసింది. గ్రీన్ యూనివర్సిటీలో చదువుకున్నవాడు. డిగ్రీ లేనివాడు మా పనిలోకి వచ్చాడేంటి అన్నది ఆ మంట!

1594 నుంచి ఆయన ఒకే నాటక సమాజంలో ఉన్నాడు. నటుడు, రచయిత, పైగా వాటాదారు. 1599లో ఆ సమాజం థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున గ్లోబ్ థియేటర్ కట్టుకుంది. స్థలం లీజు తగాదా వల్ల పాత థియేటర్‌ని విప్పేసి ఆ కలపతోనే కొత్తది కట్టారు. అందులోనూ ఆయనకి వాటా ఉంది. అంటే టికెట్లు తెగితేనే ఇంటికి డబ్బు.

గ్లోబ్ మధ్యలో పైకప్పు లేని ఆవరణ, అందులోకి చొచ్చుకొచ్చిన వేదిక, చుట్టూ మూడంతస్తుల గ్యాలరీలు. ఒక పెన్నీ ఇస్తే ఆవరణలో నిలబడి చూడొచ్చు. ఇంకో పెన్నీ ఇస్తే గ్యాలరీలో కూర్చోవచ్చు. మూడోది ఇస్తే కింద మెత్త వేసుకోవచ్చు. మన పాత టూరింగ్ టాకీసు లెక్కలో నేల, బెంచీ, కుర్చీ అన్నమాట. కాకపోతే మన నేల టికెట్టువాళ్లకి చతికిలబడే వీలుండేది. అక్కడ ఎండైనా వానైనా నిలువుకాళ్ల మీదే. కూలిపనివాళ్లు, పని నేర్చుకునే కుర్రాళ్లు కింద, వ్యాపారులు, పెద్దింటివాళ్లు పైన. ఆడవాళ్లూ వచ్చేవారు.

తెర లేదు, లైట్లు లేవు, పెద్ద సెట్టింగులూ లేవు. ఆట మధ్యాహ్నం ఎండలో. ఆడవేషాలు కుర్రాళ్లవి. ఉన్నదల్లా మాట ఒక్కటే. హామ్లెట్ మొదటి సీనులో కోట మీద కాపలావాళ్లు ఒకరినొకరు పోల్చుకోలేక కంగారుపడతారు. అంతే, పట్టపగలు నిలబడ్డ జనానికి అర్ధరాత్రి అయిపోతుంది.

అయితే ఆయన జనాన్ని మురిపించి వదిలేశాడా? నా లెక్కలో లేదు. అందుకు సాక్ష్యం జూలియస్ సీజర్. సీజర్‌ని చంపాక బ్రూటస్ జనం ముందుకొచ్చి కారణాలు చెప్తాడు. వచనంలో, పద్ధతిగా. జనానికి నచ్చేసి, ఇతన్నే సీజర్‌ని చేద్దాం అంటారు! ఒక్క మనిషి చేతిలో అధికారమంతా ఉండకూడదని కదా అతను చంపింది. తర్వాత ఆంటొనీ వస్తాడు. వాదన పెట్టుకోడు. బ్రూటస్‌ని పొగుడుతూ పొగుడుతూ ఆ పొగడ్తనే తిట్టుగా మార్చేస్తాడు. వీలునామా ఉందని ఊరించి, చదవనంటాడు. కత్తిపోట్లు పడ్డ అంగీ చూపిస్తాడు. కాసేపట్లో అదే జనం ఇళ్లు తగలబెట్టడానికి బయల్దేరతారు. గ్లోబ్‌లో వేదిక చుట్టూ జనం నిలబడి ఉన్నారు కదా. ఆంటొనీ రోమన్లతో మాట్లాడుతుంటే వాళ్లూ ఆ గుంపులో కలిసిపోయినట్టే.

వెంటనే ఒక చిన్న సీను. ఆ గుంపుకి సిన్నా అనే కవి దొరుకుతాడు. కుట్రదారుల్లో ఒకడి పేరూ అదే. నేను ఆ సిన్నాని కాదు, కవిని అని మొత్తుకున్నా వదలరు. నాకైతే సీజర్ హత్య కంటే ఇదే ఎక్కువ భయం పుట్టిస్తుంది. ఒక తప్పుడు ఫార్వర్డ్ నమ్మి, ఎవరో ఏంటో కనుక్కోకుండా మనిషి మీద పడే గుంపుల్ని వార్తల్లో మనం చూస్తూనే ఉన్నాం. పెన్నీ ఇచ్చి వచ్చినవాడికి వినోదం ఇస్తూనే, నువ్వూ ఆ గుంపులో ఉండగలవు సుమా అని చూపించాడు. ఆయన పాతబడకపోవడానికి నాకు తోచే పెద్ద కారణం ఇదే.

ఈ నాటకం మనదాకా రావడం తోటి నటుల పుణ్యం. 1616లో ఆయన పోయేనాటికి సగం నాటకాలు అచ్చే కాలేదు. జాన్ హెమింగ్స్, హెన్రీ కాండెల్ పూనుకుని 1623లో 36 నాటకాలు ఒకే పుస్తకంగా వేయించారు. అందులో 18 మొదటిసారి అచ్చయినవి. జూలియస్ సీజర్, మాక్‌బెత్, టెంపెస్ట్ వాటిలోవే.

ఆయన మన దేశానికి ఇంగ్లీషు పాలనతో, సిలబస్సుతో వచ్చాడన్నది నిజమే. కానీ సిలబస్సు పుస్తకం చేతిలో పెట్టగలదు గానీ దాన్ని మన కథగా చెప్పుకునేలా చేయలేదు. వావిలాల వాసుదేవశాస్త్రి 1870ల్లోనే జూలియస్ సీజర్‌ని సీజరు చరిత్రముగా తెలుగు చేశారు. కందుకూరి వీరేశలింగం కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ని చమత్కార రత్నావళిగా మార్చారు. విశాల్ భరద్వాజ్ సినిమాల్లో మాక్‌బెత్ ముంబై మాఫియా మనిషయ్యాడు (మక్బూల్, 2003), హామ్లెట్ కశ్మీర్ కుర్రాడయ్యాడు (హైదర్, 2014).

మొదలుపెట్టాలనుకుంటే ఒంటరిగా చదవకండి. జూలియస్ సీజర్ మూడో అంకం రెండో సీను తీసుకుని హాస్టల్ రూములో నలుగురు పైకి చదవండి. ఒకరు బ్రూటస్, ఒకరు ఆంటొనీ, మిగతావాళ్లు జనం. ఆంటొనీ ప్రసంగం అవగానే పుస్తకం మూసేయొద్దు. సిన్నా సీను రెండు నిమిషాలే, అది కూడా చదివి లేవండి.