పుట్టుమచ్చకు బ్రేకులు తప్పితే...

ఖరగ్‌పూర్ స్టేషన్లో రైలు కదలాలంటే సిగ్నల్ పచ్చబడాలి. రైలు దాటగానే అది మళ్ళీ ఎర్రబడాలి. ఈ సంగతి ఆ ఊరి తెలుగువారికి చెప్పనక్కర లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ అక్కడ రైల్వే కొలువుల్లో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. మన శరీరంలోని కణాలకు కూడా ఇలాంటి సిగ్నళ్ళు, బ్రేకులు ఉన్నాయి. అవి చెడిపోతే వచ్చే జబ్బే కాన్సర్. చర్మానికి వచ్చే కాన్సర్లలో చాలా ప్రమాదకరమైన మెలనోమాను గమనిస్తే ఈ విషయం మీకు స్పష్టంగా బోధపడుతుంది.

రంగునిచ్చే కణాలు

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలుంటాయి. ఇవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసి చుట్టూ ఉన్న కణాలకు పంచుతాయి. ఆ కణాల్లో మెలనిన్ కేంద్రకానికి గొడుగు పట్టి, అతినీలలోహిత కిరణాల నుంచి డి.ఎన్.ఎ.ను కాపాడుతుంది. నల్లనివారిలోనూ, తెల్లనివారిలోనూ మెలనోసైట్ల సంఖ్య దాదాపు ఒకటే. తేడా అంతా మెలనిన్ పరిమాణంలో, రకంలో ఉంది.

ఈ కణాలు చర్మంలో పుట్టినవి కావు. పిండదశలో, నాడీమండలం ఏర్పడే చోటు నుంచి బయలుదేరి చర్మానికి వలస వచ్చినవి. కాన్సర్‌గా మారినప్పుడు ఇవి తొందరగా ఇతర అవయవాలకు పాకడానికి ఈ పాత వలస లక్షణం కూడా ఒక కారణం.

ఒక్క అక్షరం మారితే

కణం విభజన చెందాలన్న ఆదేశం బయటి నుంచి వస్తుంది. దాన్ని రాస్, బి-రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్లు ఒకదాని నుంచి ఒకటి అందుకొని కేంద్రకానికి చేరవేస్తాయి. దాదాపు సగం మెలనోమాల్లో బి-రాఫ్ జన్యువు మారిపోయి ఉంటుందని 2002లో తెలిసింది. చాలావాటిలో మారేది ఒక్క అక్షరమే. డి.ఎన్.ఎ.లో 'టి' ఉండవలసిన చోట 'ఎ' చేరుతుంది. దాంతో ప్రోటీనులో 600వ అమైనో ఆమ్లం వాలీన్‌కు బదులు గ్లుటామిక్ ఆమ్లం అవుతుంది. ఇక సిగ్నల్ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

చిత్రమేమిటంటే, మామూలు పుట్టుమచ్చల్లో చాలావాటిలో కూడా ఇదే మార్పు కనిపిస్తుంది! మరి అవన్నీ కాన్సర్లు ఎందుకు కావు? ఎందుకంటే, కణాలు కొంతవరకు పెరిగాక పి16 వంటి ప్రోటీన్లు బ్రేకు వేస్తాయి. పుట్టుమచ్చ అంటే బయలుదేరి ఆగిపోయిన రైలన్న మాట.

ఆ బ్రేకు జన్యువు కూడా పోతే ప్రమాదం మొదలవుతుంది. టెలోమరేజ్ అనే ఎంజైము మేల్కొంటే కణానికి విభజనల పరిమితి ఉండదు. పిటెన్ అనే మరో బ్రేకు పోతే కణాలు చావవలసిన వేళ కూడా బతికిపోతాయి. సాధారణంగా మచ్చ మొదట పైపొరలో అడ్డంగా పాకుతుంది. తర్వాత కణాలను పట్టి ఉంచే ఇ-కాడెరిన్ అనే ప్రోటీను తగ్గి, అవి లోపలికి దిగుతాయి. అక్కడి నుంచి శోషరస నాళాలు, రక్తనాళాలు దగ్గరే. అందుకే డాక్టర్లు కణితి మందాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఈ కొలత ప్రాముఖ్యాన్ని 1970లో బ్రెస్లో అనే వైద్యుడు చూపించాడు.

ఎండ తగలని చోట

తెల్లనివారిలో వచ్చే మెలనోమాలో ఎక్కువగా ఎండ చేసిన గాయాల గుర్తులు కనిపిస్తాయి. మన దేశంలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు కిందనో వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోరు కింద మొదలైంది ఈ రకమే. 1981లో, 36 ఏళ్ళకే ఆయన మరణించాడు.

ఈ రకంలో అక్షరాల మార్పులు తక్కువ. క్రోమోజోములే విరిగి, కొన్ని ముక్కలు పదేపదే నకలవుతాయి. కొందరిలో కిట్ అనే జన్యువు చెడిపోతుంది. అరికాలిలో బరువు పడే చోట్ల ఇది ఎక్కువగా వస్తుందని 2016లో జపాన్ పరిశోధకులు గమనించారు.

బి-రాఫ్‌ను అడ్డుకునే మందు 2011లో వచ్చింది. కాని అరికాలి మెలనోమాలో బి-రాఫ్ మార్పు తక్కువమందిలోనే ఉంటుంది. పైగా కణాలు చాలామందిలో లూప్ లైను వెతుక్కొని మందును తప్పించుకుంటాయి. శరీర రక్షణ కణాల బ్రేకులు తీసే మరో రకం చికిత్సకు బాట వేసిన ఎలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

మీరు చేయవలసింది

చాలామందికి అనేక గోళ్ళపై నల్లగీతలు సహజంగానే ఉంటాయి. వాటిని చూసి భయపడకండి. ఒక్క గోటిపైనే గీత కొత్తగా వచ్చి వెడల్పవుతున్నా, నలుపు గోరు పక్క చర్మానికి పాకుతున్నా డాక్టరుకు చూపించండి. దెబ్బకు కట్టిన రక్తమైతే గోరుతోపాటు ముందుకు జరిగిపోతుంది. అరికాలి మచ్చ రంగు, అంచు, పరిమాణం మారుతున్నా, పుండు మానకపోయినా ఆనెకాయ అనుకొని బ్లేడుతో కోయకండి. ఇంట్లో రోజంతా బూట్లతో పనిచేసే పెద్దలుంటే, ఈ ఆదివారం వారి అరికాళ్ళు ఒకసారి చూడండి. మిల్లీమీటరు లోతు దాటక ముందే కనిపెడితే చాలామందికి చిన్న ఆపరేషనుతోనే జబ్బు నయమవుతుంది.