గవ్వలు వేయలేని కంప్యూటరు

అష్టాచెమ్మాలో గవ్వలు నేలపై పడేవరకు పందెం ఎంతో ఆడేవారికి గాని, చూసేవారికి గాని తెలియదు. ఆ అనూహ్యతే ఆటకు ప్రాణం. నేడు ఇంటినుండి బ్యాంకుతో జరిపే లావాదేవీల రహస్యం కూడా అటువంటి అనూహ్యత మీదనే ఆధారపడి ఉంది.

కంప్యూటరు మాత్రం తనంతట గవ్వలు వేయలేదు. ఒకే సూత్రానికి ఒకే ఆరంభ సంఖ్యనిస్తే ఎన్నిసార్లయినా అవే ఫలితాలు వెలువడుతాయి. ఈ ఆరంభ సంఖ్యను 'బీజం' అంటారు. బీజాన్ని ఊహించగలవానికి తాళపుచెవి చిక్కినట్లే. 1995లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ దీనిని నిరూపించారు. నెట్‌స్కేప్ బ్రౌజరు గడియారపు వేళను, ప్రోగ్రాములకు యంత్రమిచ్చే వరుస సంఖ్యలను కలిపి బీజం తయారుచేస్తున్నదని వారు కనుగొన్నారు. రెండూ ఊహకందేవే.

అంతకు ఏడాది ముందే, 1994లో, థియోడర్ ట్సో లినక్స్‌లో ఒక ఏర్పాటు చేశారు. మీటలు నొక్కే వ్యవధులు, మౌస్ కదలికలు, డిస్కు పనిచేసే క్షణాలు మొదలైన చిన్నచిన్న అనిశ్చితులన్నీ ఒకచోట చేరి కలిసిపోతాయి. దీనికే 'ఎంట్రోపీ పూల్' అని పేరు. మన మాటలో అనిశ్చితుల కోనేరు.

అయితే మీటలు, మౌస్ లేని పరికరాల మాటేమిటి? 2012లో మిషిగన్, శాన్ డియేగో విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇంటర్నెట్ అంతటా గాలించి, సురక్షిత సర్వర్లలో సుమారు 0.5 శాతం రహస్య సంఖ్యలను రాబట్టగలిగారు. తాళం రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం. కోనేరు నిండకముందే తాళం తయారుచేసుకున్న రెండు రౌటర్లకు ఒక ప్రధాన సంఖ్య ఉమ్మడిగా వస్తే, బడిలో నేర్చిన గ.సా.భా. దానిని బయటపెడుతుంది!

దీనికి విరుగుడు హార్డ్‌వేరులోనే ఉన్నది. 2012 నుండి ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక చిన్న వలయాన్ని సున్నాకు, ఒకటికి నడుమ సంశయస్థితిలో నిలిపి వదులుతారు. ఉష్ణచలనం దానిని ఏదో ఒకవైపు తోస్తుంది. గవ్వ వెల్లకిల పడవచ్చు, బోర్లా పడవచ్చు. ఇటువంటి పరికరాల నుండి వచ్చిన అంకెలను ఒక సహాయక ప్రోగ్రాము 20,000 చొప్పున పరీక్షించి, నెగ్గినవాటిని కోనేటిలో పోస్తుంది.

పరీక్ష పరికరం చెడిపోవడాన్ని పట్టగలదే గాని, అనూహ్యతను రుజువు చేయలేదు. బీజం తెలిసిన కృత్రిమ వరుస కూడా అందులో నెగ్గుతుంది. అందుకే ఒకే మూలాన్ని నమ్మక, పలు మూలాలను కలుపుతారు. మామూలు కోనేటిలో మురికినీరు చేరితే నీరంతా చెడుతుంది. ఇక్కడ చెడ్డధార చేరినా పూర్వపు అనిశ్చితి తరగదు. దానిని మంచినీరుగా లెక్కగట్టి, కోనేరు నిండిందని భ్రమపడటమే ప్రమాదం.