ఇంజను బలాన్ని తూచేదెట్లా?

1897 ఫిబ్రవరి 17. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో ఒక యంత్రశాల. నిలువుగా బిగించిన ఒంటి సిలిండరు ఇంజను ఒకటి నిమిషానికి 154 చుట్ల వేగంతో తిరుగుతోంది. దాని పక్కన మ్యూనిక్ సాంకేతిక విద్యాలయ ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ కొలతలు తీసుకుంటున్నాడు. ఇంజను తాగే ఇంధనాన్ని తూకం వేసి మరీ లెక్క కడుతున్నారు.

ఇంజను సృష్టికర్త రుడాల్ఫ్ డీజిల్‌కు అప్పుడు ముప్ఫైతొమ్మిదో ఏడు నడుస్తోంది. క్రుప్ వంటి పెద్ద సంస్థలు అతని మాటను నమ్మి ధనం వెచ్చించాయి. కాని 1893 ఆగస్టులో మొదటి ఇంజనులో ఇంధనం అంటుకోగానే పీడనాన్ని కొలిచే పరికరం పేలి ముక్కలై ఎగిరిపోయింది. 1894 ఫిబ్రవరిలో మార్చి కట్టిన ఇంజను ఒక్క నిమిషంపాటు, 88 చుట్లు మాత్రం తిరిగింది. ఇంజను తిరుగుతుందని చూపితే ఇక చాలదు. ఎంత ఇంధనానికి ఎంత పని చేస్తుందో తేలాలి. అది తేల్చవలసినవాడు సృష్టికర్త కాదు, బయటివాడు.

ఆ పరీక్ష అర్థం కావాలంటే ముందు ఇంజను లోపలికి తొంగి చూడాలి.

పిస్టను ఇంజను మూలసూత్రం సులభమైనదే. మూసిన గొట్టంలో వాయువు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి గొట్టంలోని పిస్టను కదులుతుంది. పిస్టను కిందికీ పైకీ ఆడుతుంటే, దానికి తగిలించిన కడ్డీ క్రాంకు షాఫ్టును గుండ్రంగా తిప్పుతుంది. బావి మీది చేతిపంపుకు చక్రం అమర్చి, ఆ చక్రాన్ని తిప్పి నీరు తోడటం చూసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ చక్రం పిస్టనును ఆడిస్తుంది; ఇక్కడ పిస్టను చక్రాన్ని తిప్పుతుంది.

నికొలాస్ ఆటో 1876లో నిర్మించిన ఇంజను ఈ పనిని నాలుగు దశలుగా విభజించింది. పిస్టను మొదటిసారి దిగినప్పుడు గాలీ ఇంధనమూ లోపలికి వస్తాయి. రెండవ దశలో పైకి లేచి వాటిని అదుముతుంది. మూడవ దశలో మంట పుట్టి పిస్టనును బలంగా కిందికి తోస్తుంది. నాలుగవ దశలో పొగ బయటికి పోతుంది. నాలుగింటిలో పని జరిగేది ఒక్క దశలోనే. మిగిలిన మూడింటినీ బరువైన చక్రంలో నిలువ ఉన్న వేగమే నడిపిస్తుంది.

డీజిల్ చేసిన మార్పు రెండవ దశలో ఉంది. అతడు గాలిని మాత్రమే లోపలికి తీసుకుని, దానిని అతి గట్టిగా అదిమాడు. సైకిలు పంపు కొట్టేటప్పుడు గొట్టం వేడెక్కడం మనకు తెలిసిందే. అదే వేడి అనేక రెట్లయినప్పుడు, చిమ్మిన ఇంధనం నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుంది. ఎంత గట్టిగా అదిమితే వేడిలో అంత ఎక్కువ పాలు పనిగా మారుతుంది.

ఇక బలాన్ని కొలవడం. ఈ లెక్కను వ్యాపారంలోకి తెచ్చినవాడు జేమ్స్ వాట్. గుర్రాలతో మిల్లు తిప్పేవారికి స్టీము ఇంజను అమ్మాలంటే, అది ఎన్ని గుర్రాల పెట్టో చెప్పక తప్పదు. ఒక గుర్రం నిమిషంలో 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తగలదని వాట్ నిర్ణయించాడు. యూరపు ఖండంలో వాడుకైన అశ్వశక్తి దీనికి కాస్త తక్కువ: సెకనుకు 75 కిలోలను ఒక మీటరు ఎత్తే బలం.

కొలిచే చోట్లు రెండు. సిలిండరు లోపలి పీడనం పిస్టను కదలికతోపాటు ఎలా మారుతున్నదో కాగితం మీద గీసే పరికరాన్ని వాట్ సహాయకుడు జాన్ సదరన్ 1796లో రూపొందించాడు. ఆ గీత చుట్టిన వైశాల్యమే లోపల జరిగిన పని. కాని అదంతా చక్రం వరకు చేరదు. రాపిడి కొంత మింగుతుంది. కవాటాలూ పంపులూ మరికొంత తీసుకుంటాయి.

చక్రం దగ్గర మిగిలిందెంతో కొలిచే ఉపాయాన్ని ఫ్రాన్సు దేశీయుడు గాస్పార్ ద ప్రోనీ 1821లో కనిపెట్టాడు. తిరిగే చక్రాన్ని చెక్క దిమ్మెలతో పట్టి బిగించాలి. చక్రం ఆ దిమ్మెలను తనతో ఈడ్చుకుపోవాలని చూస్తుంది. వాటికి అమర్చిన పొడవాటి చేతి చివర బరువు వేసి కదలకుండా నిలపాలి. ఆ బరువు, చేతి పొడవు, నిమిషానికి తిరిగే చుట్లు, ఈ మూడూ తెలిస్తే అశ్వశక్తి తేలిపోతుంది. ఇంజను చేసిన పనంతా అక్కడ వేడిగా మారిపోతుంది. ‘బ్రేకు హార్స్ పవర్’ అనే మాట ఈ బ్రేకు నుంచి పుట్టిందే.

ష్రోటర్ పరీక్షలో డీజిల్ ఇంజను 17.8 అశ్వశక్తిని ఇచ్చింది. ఒక మీటరు పొడవున్న చేతి చివర సుమారు 83 కిలోల బరువును ఆపడంతో సమానమిది. గంటకు ఒక్కొక్క అశ్వశక్తికి అది తాగిన ఇంధనం దాదాపు 238 గ్రాములు. ఇంధనంలోని వేడిలో నూటికి 26.2 పాళ్లు చక్రం దగ్గర పనిగా దక్కింది. ఆనాటి మంచి స్టీము ఇంజన్లకు కూడా ఇది అందని అంకె. నేడు మహానౌకలను నడిపే డీజిల్ ఇంజన్లు నూటికి యాభై పాళ్ల సమీపానికి చేరాయి.

ఈ కొలతలు ఆచార్యులకే పరిమితం కావు. పొలంలో అయిదు అశ్వశక్తుల ఆయిలింజను పెట్టుకునే రైతు సంగతి చూడండి. ఆ బలంతో, నష్టమే లేకపోతే, పదిహేను మీటర్ల లోతు నుంచి సెకనుకు 25 లీటర్ల నీరు పైకి రావాలి. పంపూ గొట్టాలూ తమ వాటా తీసుకోగా కాలువలో పడేది అంతకు తక్కువే. ఇంజను రేకు మీది అంకె ఒక్కటే చూసి కొంటే ఈ తేడా తెలియదు. ఎన్ని చుట్ల వేగం దగ్గర ఆ బలం ఇస్తుంది? గంటకు ఎంత డీజిల్ తాగుతుంది? ఈ రెండు ప్రశ్నలూ అడగాలి. కొన్నాక ఒకసారి, తూచిన డీజిల్ పోసి, గంటలో ఎన్ని డ్రమ్ముల నీరు నిండిందో లెక్క చూసుకోవచ్చు.

ఆగ్స్‌బర్గులో ష్రోటర్ చేసింది సూక్ష్మమైన పరికరాలతో. రైతు చేసేది డబ్బాతో, గడియారంతో. అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: పోసినదానికి ఎంత పని దక్కింది?