నిద్ర పట్టడం లేదంటే ఎన్ని మార్కులు?

విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్ళతో మాట్లాడే కౌన్సిలర్‌ని నేను. దిగులు జబ్బు, అంటే డిప్రెషన్, ఉందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గరుండేది పీహెచ్‌క్యూ-9. 2001లో వెలువడిన ఈ తొమ్మిది ప్రశ్నల కాగితం చాలా దేశాల్లో వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల్లో దిగులు, నిరాసక్తత, నిద్ర, నీరసం, ఆకలి ఎలా ఉన్నాయని అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది వచ్చిందంటే డాక్టరు చూడాల్సిందే. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలే ట్యాబ్ పట్టుకుని ఇవే ప్రశ్నలు అడిగారు. అడగడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

జవాబును అర్థం చేసుకోవడమే కష్టం. మైపాడు దగ్గర ఒక గుంట కాపలా మనిషిని నిద్ర గురించి అడిగాను.

"నిద్రేడుంది మేడమ్? తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోద్ది. కరెంటు పోయి ఏరేటర్ ఆగితే ఎంటనే జనరేటర్ ఎయ్యాల. లేటయిందా, రొయ్యంతా పైకొచ్చేస్తాది."

నిద్రకు 3. నీరసానికి 3. మేత చల్లి, చెక్ ట్రేలు చూసుకునే సందులో నాలుగు మెతుకులు తింటాడు కాబట్టి ఆకలికి 2. మనసు మాట ఎత్తకముందే ఎనిమిది! ఇది జబ్బా, రాత్రి కాపలానా? పీహెచ్‌క్యూ కారణం అడగదు.

పని వల్ల వచ్చే డిప్రెషన్‌ను విడిగా కొలవడానికి రెంజో బియాంకీ, ఇర్విన్ షాన్‌ఫెల్డ్ 2020లో ఆక్యుపేషనల్ డిప్రెషన్ ఇన్వెంటరీ తెచ్చారు. ఇందులోనూ తొమ్మిది లక్షణాలే, ప్రతిదాన్నీ పనితో ముడిపెట్టి అడుగుతారు. ఉద్యోగం మానేద్దామనిపిస్తోందా అని కూడా అడుగుతారు. దీన్ని స్పానిష్ మాట్లాడే కార్మికుల్లోనూ పరీక్షించారు. మన గుంటల మీద పనిచేసేవాళ్ళకూ ఇలాంటి కొలత కావాలని గట్టిగా కోరుకుంటాను. అయితే ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే చాలదు. గట్టు మీది గుడిసెలోనే పెళ్ళాం, పిల్లలతో ఉండే మనిషికి ఇల్లెక్కడ, పనెక్కడ?

అందుకే నేను ఇంకో మాట అడుగుతాను: పట్టుబడి అయిపోయి గుంట ఎండగట్టినప్పుడు ఎలా ఉన్నావని. మైపాడు కాపలా మనిషినీ అదే అడిగాను.

"నిద్రయితే పట్టింది మేడమ్. అన్నం మాత్రం సయించలా. వైట్ స్పాట్ వచ్చి పంట పోయినాక, నా వల్లే పోయిందన్నారు. అదే తిరగతా ఉండాది బుర్రలో."

వైట్ స్పాట్ అంటే రొయ్యలకు వైరస్ వల్ల వచ్చే జబ్బు. కాపలా మనిషి ఎంత మేలుకున్నా దాన్ని ఆపలేడు. ఆ నింద మాత్రం అతని మీదే పడింది. నిద్ర లేమి కాపలాది, ఈ అపరాధ భావన మాత్రం గుంట ఎండినా పోలేదు. డాక్టరు దగ్గరికి పంపింది దీనికోసమే.

తొమ్మిదో ప్రశ్న చావు తలపుల గురించి. దానికి సున్నా కాక ఇంకేం వచ్చినా మొత్తం మార్కులతో పనిలేదు, ఆ రోజే సాయం అందాలి. మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మార్కుల కాగితం యజమానికి చూపించను. చూపిస్తే మరుసటి పంటకు ఆ కాపలా మనిషిని పెట్టుకోరు. అతను సరేనన్నాకే యజమానితో ఒక్క మాట మాట్లాడాను: రాత్రి కాపలాకు రెండో మనిషిని పెట్టమని. ఇద్దరూ వంతులేసుకుని మేలుకుంటే నిద్ర ప్రశ్నకు మార్కులు తగ్గాలి. తగ్గకపోతే డాక్టరు మళ్ళీ చూడాలి.